రాబందుల్ని చంపింది ఏమిటి?

పొడుగు ముక్కు రాబందు తిండిని వాసనతో కాదు, చూపుతో వెతుకుతుంది. ఆకాశంలో దూరదూరంగా తిరుగుతూ నేలతో పాటు తోటి రాబందులనూ గమనిస్తుంది. ఒకటి దిగితే పక్కది చూస్తుంది, దాన్ని చూసి ఇంకొకటి వస్తుంది. కాసేపట్లో చచ్చిన గొడ్డు చుట్టూ గుంపు చేరుతుంది. ఎంత చక్కని ఏర్పాటు! కానీ వాటి కొంప ముంచింది కూడా ఇదే.

ఎలాగంటే, పశువుల నొప్పులకు డైక్లోఫెనాక్ మందు ఇచ్చేవారు. అది ఒంట్లో ఉండగానే చనిపోయిన పశువును తింటే రాబందు మూత్రపిండాలు పాడవుతాయి. యూరిక్ ఆమ్లం లోపలి అవయవాల మీద తెల్లగా పేరుకుని, కొద్ది రోజుల్లోనే ప్రాణం పోతుంది. ఒక్క కళేబరానికి ఎన్ని పక్షులు బలయ్యేవో ఊహించండి! పైగా ఒక జంట ఏడాదికి పెట్టేది ఒకే గుడ్డు.

2006లో మన దేశం పశువులకు ఈ మందు వాడకాన్ని నిషేధించింది. మెలాక్సికామ్ అనే మరో నొప్పి మందు రాబందులకు హాని చేయదు కాబట్టి డైక్లోఫెనాక్ బదులు దాన్ని వాడవచ్చు. 2013లో తెలంగాణలోని బెజ్జూరు అడవిలో, పాలరాపుగుట్ట కొండచరియ మీద ఈ రాబందులు కనిపించాయి. ఆ వార్త నాకెంతో సంతోషమిచ్చింది.

అయితే ముప్పు డైక్లోఫెనాక్ ఒక్కదానితోనే కాదు. ఎసిక్లోఫెనాక్ అనే నొప్పి మందు పశువుల ఒంట్లో డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. అందుకే 2023లో దాన్నీ, రాబందులకు హాని చేసే మరో నొప్పి మందు కీటోప్రొఫెన్‌నూ పశువైద్యంలో నిషేధించారు.