మంచు కనుమ దాటే రోజు

మంచుకొండలనగానే మనకి సినిమా పాటలు, షిఫాన్ చీరలు గుర్తొస్తాయి. వీపున సంచీ తగిలించుకుని ఆ మంచులో గంటలకొద్దీ నడిచే ఆడవాళ్లూ ఉన్నారు సుమా! హిమాచల్ ప్రదేశ్‌లో మనాలీకి దగ్గర్లోని హంప్టా కనుమ అలాంటి దారే. ఎత్తు సుమారు 4,270 మీటర్లు.

జూన్‌లో కూడా అక్కడ మంచు ఉంటుంది. ఎండెక్కితే అది మెత్తబడి కాలు దిగబడుతుంది. అందుకే బాలూ కా ఘేరా మజిలీ నుంచి పొద్దున్నే బయలుదేరతారు. మబ్బు పట్టినా సరే, నల్ల కళ్లద్దాలు తీయకూడదు. మంచు మీది వెలుగు కళ్లని దెబ్బతీస్తుంది.

పైన అందే ఆక్సిజన్ సముద్రతీరంలో దొరికేదాంట్లో సుమారు 60 శాతమే. నాలుగడుగులకే ఆయాసం! నీళ్లు దాదాపు 86 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కర్ లేకపోతే పప్పు ఎంతసేపు ఉడికించినా పలుకే.

అసలు జాగ్రత్త ఇదీ. ఇంట్లో తలనొప్పి వస్తే ‘అదే పోతుందిలే’ అని పని చేసుకుపోతాం. అక్కడ ఆ ఓర్పు ప్రాణాల మీదికి తెస్తుంది. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం - ఏది కనిపించినా వెంటనే చెప్పాలి, ఇక పైకి ఎక్కకూడదు. నడక తూలినా, మాట తడబడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా తక్షణం కిందికి దించాలి.

కనుమ మీద నిలబడితే వెనక కులూ వైపు పచ్చదనం, ముందు లాహౌల్ వైపు బోడికొండలు. వానమబ్బుల్ని పీర్ పంజాల్ కొండలు అడ్డుకుంటాయి మరి! అవతల దిగుడు నిటారు. మడమ ఆనించి, కర్ర ఊతంతో షియా గోరు మజిలీకి దిగాలి.

వెళ్లాలనుందా? ముందు డాక్టర్ని అడిగి, రెండు నెలల ముందునుంచే రోజూ నడక, మెట్లెక్కడం మొదలుపెట్టండి.