చదువొచ్చిందా? ఎక్సెల్‌నే అడగాలి!

ఏదైనా ఇంజినీరింగ్ కాలేజీ ప్రశ్నపత్రం ఒకటి చేతిలోకి తీసుకోండి. కుడివైపు అంచున సన్నటి గడులు కనిపిస్తాయి. ఒకదాంట్లో మార్కులు. దాని పక్కన ‘సీఓ2’ అనో ‘సీఓ4’ అనో ఉంటుంది. ఆ పక్కన ‘ఎల్2’, ‘ఎల్3’. పరీక్ష రాసే పిల్లలు మార్కుల గడి తప్ప మిగతావి చూడరు. చూడాల్సిన పనీ లేదు, అవి వాళ్ల కోసం వేసినవి కావు.

మరి ఎవరి కోసం? ఆ ఆరా తీస్తూ పోతే మన యూనివర్సిటీల్లో ఒక కోర్సు ఎలా పుడుతుందో, దానికి ఎవరెవరు ముద్ర వేస్తారో, నాలుగేళ్లయ్యాక పిల్లలకు చదువు అబ్బిందని ఏ లెక్కన తేలుస్తారో అన్నీ బయటికొస్తాయి. లక్షలు పోసి చదివించే తల్లిదండ్రులకు తెలిసింది మాత్రం ర్యాంకు, సీటు, ఫీజు.

ముందు గదులు, ఆ తర్వాతే పాఠాలు

ఐఐటీ హైదరాబాద్ 2019లో కృత్రిమ మేధలో బీటెక్ మొదలుపెట్టింది. దేశంలో అదే మొదటిది. ఐఐటీలకు ఇలాంటి విషయాల్లో ఎవరి గుమ్మమూ ఎక్కాల్సిన పని లేదు. ప్రొఫెసర్లు కూర్చుని రాసుకుంటారు, సెనేట్ చర్చించి సరేనంటుంది. అదే కోర్సును నగర శివార్లలోని ఒక ప్రైవేటు కాలేజీ పెట్టాలంటే దారి వేరు. అఖిల భారత సాంకేతిక విద్యామండలి, అదే ఏఐసీటీఈ, పోర్టల్లో దరఖాస్తు పెట్టాలి. 1945లో సలహా సంఘంగా పుట్టిన ఈ మండలికి 1987 చట్టంతో అధికారాలొచ్చాయి. అది అడిగేవేమిటి? స్థలం ఎంత, గదులెన్ని, ల్యాబుల్లో కంప్యూటర్లెన్ని, ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు చొప్పున ఉన్నారా లేరా. అక్కడ గట్టెక్కితే యూనివర్సిటీ అఫిలియేషన్. జేఎన్‌టీయూ నుంచి నిజనిర్ధారణ కమిటీ వచ్చి, చెప్పినవన్నీ ఉన్నాయో లేదో చూస్తుంది. తర్వాత ప్రభుత్వం సరేనంటే సీట్లు కౌన్సెలింగ్‌లోకి వస్తాయి.

కమిటీ వచ్చేరోజు కాలేజీ ఎలా ఉంటుందో అందులో పనిచేసినవాళ్లను అడిగితే నవ్వి ఊరుకుంటారు. ఎప్పుడూ కనిపించని డాక్టరేట్లు ఆరోజు స్టాఫ్‌రూమ్‌లో ప్రత్యక్షమవుతారు. బయోమెట్రిక్ హాజరు పెట్టింది అందుకే.

అలాగని ఈ అనుమతులు ఉత్త తతంగమని కొట్టిపారేయలేం. కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు అనుమతి లేకుండానే దూరవిద్యలో ఇంజినీరింగ్ పట్టాలు ఇచ్చేశాయి. 2017 నవంబరులో సుప్రీంకోర్టు వాటి చెల్లుబాటును తేల్చింది. 2001-05 మధ్య చేరినవాళ్లు ఏఐసీటీఈ పెట్టే పరీక్ష పాసైతేనే పట్టా నిలుస్తుందని, అప్పటిదాకా దాన్ని సస్పెన్షన్‌లో పెడుతున్నామని చెప్పింది. అప్పటికే ఆ పట్టాలతో ఉద్యోగాలు, ప్రమోషన్లు తెచ్చుకున్న నడివయసు మనుషులు మళ్లీ పుస్తకాలు పట్టాల్సి వచ్చింది. అనుమతి కాగితం విలువ అది లేనప్పుడే తెలుస్తుంది.

చిక్కల్లా ఒక్కటే. ఈ దశలో ఎవరూ ‘ఈ కోర్సు చదివిన పిల్లవాడు ఏం చేయగలడు?’ అని గట్టిగా అడగరు. పైగా 2024-25 నుంచి బాగా నడుస్తున్న కాలేజీలకు ఒక్కో బ్రాంచిలో సీట్ల గరిష్ఠ పరిమితిని ఏఐసీటీఈ ఎత్తేసింది. సివిల్, మెకానికల్ తగ్గించుకుని కంప్యూటర్ సైన్స్ పెంచుకోవాలని కాలేజీలు ఉరికాయి. తెలంగాణలో ఆ సీట్ల పెంపు వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. వాదనలన్నీ సీట్ల మీదే.

అసలు గొడవ బీఓఎస్‌లో

చదువు గురించి నిజంగా మాట్లాడుకునే గది ఒకటుంది. దాని పేరు బోర్డ్ ఆఫ్ స్టడీస్, కాలేజీల్లో పొట్టిగా బీఓఎస్ అంటారు. స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీలో దీనికి శాఖాధిపతే అధ్యక్షుడు. శాఖలోని అధ్యాపకులు, బయటి కాలేజీల నిపుణులు, యూనివర్సిటీ పంపే ప్రతినిధి, పరిశ్రమ నుంచి ఒకరు, పూర్వ విద్యార్థి ఒకరు ఉంటారు. సిలబస్ ఇక్కడ పుట్టి అకడమిక్ కౌన్సిల్‌కి వెళుతుంది. కౌన్సిల్ ముందుకు అన్ని శాఖల కట్టలూ ఒకేసారి వస్తాయి కాబట్టి లోతుగా చదివే తీరిక ఎవరికీ ఉండదు. అంటే, బీఓఎస్‌లో తప్పిపోయింది పైన దొరకదు.

2018 జనవరిలో ఏఐసీటీఈ తెచ్చిన నమూనా సిలబస్ నాలుగేళ్ల బీటెక్‌ను 160 క్రెడిట్లకు కుదించింది. పిల్లల మీద భారం తగ్గాలి, ప్రాజెక్టులకూ ఇంటర్న్‌షిప్‌లకూ చోటుండాలి అన్నది ఉద్దేశం. మంచిదే. ఇప్పుడు బీఓఎస్‌లో డీప్ లెర్నింగ్ పెట్టాలంటే ఇంకేదో తీయాలి. ఏది తీస్తారు? మైక్రోప్రాసెసర్లు తీద్దామని ఒకరంటారు. అది చెప్పే మేడమ్ అక్కడే కూర్చుని ఉంటారు. సబ్జెక్టు పోతే ఆవిడ వర్క్‌లోడ్ పోతుంది, వర్క్‌లోడ్ పోతే ఉద్యోగానికే ఎసరు. పరిశ్రమ ప్రతినిధి తమ కంపెనీలో వాడే టూల్ పేరు చెప్పి, అది పెట్టమంటాడు. మూడేళ్లకు ఆ టూల్ ఉండదు. గణితం వాళ్లు ఒక్క క్రెడిట్ కూడా వదలరు, నన్నడిగితే వాళ్లు వదలకపోవడమే మంచిది. చివరికి ఐదో యూనిట్లో రెండు అంశాలు కోసి, కొత్త సబ్జెక్టును ‘ఎలెక్టివ్’ గంపలో వేసి, అందరూ సంతకాలు పెడతారు.

బయటివాళ్లకు ఇది రాజీలా కనిపిస్తుంది. నిజానికి మొత్తం వ్యవస్థలో నిజాయితీగా సాగే ఘట్టం ఇదేనని నా నమ్మకం. ఏది నేర్పాలి, ఏది వదలాలి అని మనుషులు ఎదురెదురుగా కూర్చుని తేల్చుకునేది ఇక్కడ మాత్రమే. ఈ సమావేశాల మినిట్స్ తెలుగులో కాకపోయినా కనీసం అర్థమయ్యే భాషలో వెబ్‌సైట్లో పెడితే, చదవదగ్గ సాహిత్యం అవుతుంది.

మూడుకు ఎంత?

ఇక ఆ గడుల సంగతి. ‘సీఓ’ అంటే కోర్స్ ఔట్‌కమ్: ఈ సబ్జెక్టు అయ్యాక విద్యార్థి ఏం చేయగలగాలి అన్న మాట. మామూలుగా ఒక్కో సబ్జెక్టుకు ఐదారు రాస్తారు. ‘ఎల్’ అంటే స్థాయి. 1956లో అమెరికన్ విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ బృందం తయారుచేసి, 2001లో ఆయన శిష్యులూ సహచరులూ సవరించిన ఆరు మెట్లివి. జ్ఞాపకం పెట్టుకోవడం అడుగు మెట్టు, అర్థం చేసుకోవడం ఆ పైది, కొత్తగా సృష్టించడం చిట్టచివరిది.

ఇవన్నీ మన కాలేజీల్లోకి ఎందుకొచ్చాయంటే వాషింగ్టన్ ఒప్పందం వల్ల. ఒకరి ఇంజినీరింగ్ చదువును ఇంకొకరు సమానంగా గుర్తించడానికి 1989లో అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా సహా ఆరు దేశాల సంస్థలు రాసుకున్న ఒప్పందమది. మన నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్ (ఎన్‌బీఏ) 2014 జూన్‌లో పూర్తిస్థాయి సభ్యత్వం పొందింది. సభ్యత్వానికి షరతు ఒకటే: ఏం చెప్పారన్నది కాదు, పిల్లలకు ఏం వచ్చిందో చూపించాలి. పట్టా నాటికి రావాల్సిన సామర్థ్యాలను ఎన్‌బీఏ ‘ప్రోగ్రామ్ ఔట్‌కమ్స్’ పేరిట జాబితా చేసింది. మొన్నటిదాకా 12 ఉండేవి, ఇప్పుడు 11. సమస్యను విశ్లేషించడం నుంచి వృత్తి నైతికత దాకా అన్నీ అందులో ఉన్నాయి.

ఆలోచనలో వంక పెట్టడానికేమీ లేదు. అమలులో అది ఎక్సెల్ షీటుగా మారింది. ఎలాగో చూడండి.

తరగతిలో అరవై మంది. 60 శాతం మార్కులు దాటినవాళ్లు ఎందరో లెక్కిస్తారు. తరగతిలో 60 శాతం మంది దాటితే 1, 70 శాతమైతే 2, 80 శాతమైతే 3 అని ఒక కాలేజీ పెట్టుకుందనుకుందాం. మిడ్ పరీక్షల్లో మొదటి ఔట్‌కమ్‌కు 3 వచ్చింది, రెండోదానికి 2. బాగానే ఉంది, ప్రశ్నవారీగా మార్కులు కాలేజీ చేతిలోనే ఉన్నాయి. సెమిస్టర్ చివరి పరీక్ష మాత్రం యూనివర్సిటీది. అఫిలియేటెడ్ కాలేజీకి అక్కడి నుంచి వచ్చేది మొత్తం మార్కు ఒక్కటే, ఏ ప్రశ్నకు ఎంతో తెలియదు. కాబట్టి ఆ ఒక్క అంకెనే ఔట్‌కమ్‌లన్నిటికీ సమానంగా వేసేస్తారు. ఎక్స్‌టర్నల్‌లో 2 వచ్చింది, ఇంటర్నల్‌కు 30 శాతం, ఎక్స్‌టర్నల్‌కు 70 శాతం బరువు అనుకుంటే మొదటి ఔట్‌కమ్ 2.3, రెండోది 2.0. తేడా అంతా ఆ 30 శాతంలోంచి వచ్చిందే. మిగతా 70 శాతం గుడ్డి లెక్క. దాన్ని దశాంశ స్థానాల దాకా చేసి, రంగు గ్రాఫులు గీసి, ఫైలు కడతారు.

ఇంకో మెలిక. ఏ సబ్జెక్టు ఏ సామర్థ్యానికి ఎంత తోడ్పడుతుందో 3, 2, 1 అని గడుల్లో నింపేది ఆ సబ్జెక్టు టీచరే. లక్ష్యం పెట్టేది ఆ శాఖే. ఇంటర్నల్ పేపరు ఇచ్చేది, దిద్దేది వాళ్లే. వండినవాళ్లే రుచి చూసి తమకు తాము మార్కులేసుకోవడమన్నమాట. లక్ష్యం 2.2 అయి 2.1 వస్తే ‘రెమెడియల్ క్లాసులు నిర్వహించాం’ అని రాస్తారు. 2.3 వస్తే వచ్చే ఏటికి లక్ష్యం పెంచుతారు. సున్నా పాయింట్ ఒకటి దగ్గర ఏ పిల్లవాడికి ఏం అర్థం కాలేదో ఆ కాగితం చెప్పదు.

బ్లూమ్ మెట్ల కథ ఇంకా సరదా. పాత ప్రశ్నల బ్యాంకులో ‘క్విక్ సార్ట్‌ను వివరింపుము’ అని ఉన్న ప్రశ్న ఇప్పుడు ‘క్విక్ సార్ట్‌ను విశ్లేషింపుము’ అయింది. ఎల్2 కాస్తా ఎల్4కు ఎక్కింది. ఆల్ ఇన్ వన్ గైడులో జవాబు మాత్రం అదే, ఒక్క వాక్యం మారలేదు. మార్కులూ మారలేదు.

దీనికి టీచర్లను తప్పుపట్టడం అన్యాయం. వారానికి పదహారు, పద్దెనిమిది గంటల పాఠాలు, ల్యాబు రికార్డులు, అడ్మిషన్ల సీజన్లో ఊళ్లు తిరిగే డ్యూటీ... వీటి మధ్య కోర్స్ ఫైలు. ఎన్‌బీఏ బృందం వచ్చే ముందు నెలలో అర్ధరాత్రి దాకా డిపార్ట్‌మెంట్‌లో లైట్లు వెలుగుతున్నాయంటే అక్కడ తయారవుతున్నవి ఈ ఫైళ్లే. గుర్తింపు మీదే కాలేజీ బతుకు ఆధారపడినప్పుడు అంకె తక్కువ చూపించే ధైర్యం ఎవరికుంటుంది? ఆ ఒత్తిడి ఎందాకా పోగలదో 2025 ఫిబ్రవరిలో చూశాం. గుంటూరు జిల్లాలోని ఒక డీమ్డ్ యూనివర్సిటీకి సంస్థ మొత్తానికి గ్రేడులిచ్చే నాక్ నుంచి ఏ++ కోసం లంచాలు చేతులు మారాయన్న ఆరోపణపై సీబీఐ, పరిశీలన బృందం సభ్యులు సహా పదిమందిని అరెస్టు చేసింది.

కంపెనీలు నమ్మేది దేన్ని?

ఈ 2.3లనూ 2.0లనూ కంపెనీలు అడగవు. క్యాంపస్ డ్రైవ్‌కు వచ్చిన హెచ్‌ఆర్ చూసేవి రెండే: 60 శాతం ఉందా, బ్యాక్‌లాగులు ఉన్నాయా. తర్వాత వాళ్ల పరీక్ష వాళ్లే పెట్టుకుంటారు. టీసీఎస్‌కు ఎన్‌క్యూటీ ఉంది. ఇన్ఫోసిస్ తీసుకున్నవాళ్లను మైసూరు క్యాంపస్‌లో కూర్చోబెట్టి నెలల తరబడి మళ్లీ పాఠాలు చెబుతుంది. మనవైపు కోచింగ్ సెంటర్ల అమీర్‌పేట ఉండనే ఉంది. నాలుగేళ్ల కోర్సులో రాని జావా అక్కడ మూడు నెలల్లో వస్తుందని నమ్మి వెళ్లే పిల్లలకు తమ డిపార్ట్‌మెంట్ గోడ మీద ఔట్‌కమ్‌ల ఫ్రేములు వేలాడుతున్న సంగతి గుర్తుండదు. విద్యార్థి సొంతంగా చేయగలడా లేడా తేల్చడానికి ఫైనలియర్ ప్రాజెక్టుకు మించిన పరీక్ష లేదు. దాన్నీ కొనుక్కోవచ్చని అదే అమీర్‌పేటలో అందరికీ తెలుసు. అంతర్జాతీయ ఒప్పందం కోరిన సామర్థ్యాలన్నిటికీ సాక్ష్యంగా చూపే ప్రాజెక్టు అది.

బాగుపరిచే దారి లేకపోలేదు. జవాబు పత్రాలను స్క్రీన్ మీద దిద్దే చోట ప్రశ్నవారీ మార్కులు కంప్యూటర్లోనే పడి ఉంటాయి. వాటిని కాలేజీలకు పంపితే చాలు, ఆ గుడ్డి 70 శాతానికి కళ్లొస్తాయి. ప్రాజెక్టు వైవాకు బయటి పరీక్షకుడు ఒక్కో బృందానికి పది నిమిషాలు కాకుండా గంట కేటాయిస్తే కొనుక్కొచ్చిన కోడ్ అక్కడే తేలిపోతుంది. రెండింటికీ కొత్త చట్టాలు అక్కర్లేదు.

ఇంటర్ అయిన పిల్లలున్న ఇళ్లకు ఒక మాట. హోర్డింగుల మీద ‘ఎన్‌బీఏ గుర్తింపు’ అని ఉంటే, ఏ బ్రాంచికి, ఏ ఏడాది దాకా అని ఎన్‌బీఏ వెబ్‌సైట్లో చూడండి. ఆ గుర్తింపు కాలేజీ మొత్తానికి కాదు, బ్రాంచికి ఇస్తారు. అందులోనూ టైర్-1, టైర్-2 అని రెండున్నాయి. యూనివర్సిటీలకూ స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీలకూ ఇచ్చే టైర్-1కే వాషింగ్టన్ ఒప్పందం వర్తిస్తుంది. ఆస్ట్రేలియా లాంటి దేశాల్లో ఇంజినీరుగా స్థిరపడాలనుకునేవాళ్లకు ఇది చిన్న తేడా కాదు, హోర్డింగు మీద మాత్రం కనిపించదు. ఇక స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీ అంటే సిలబస్, పాఠం, ప్రశ్నపత్రం, వాల్యుయేషన్ అన్నీ ఆ కాంపౌండ్ లోపలే. యూనివర్సిటీ చివర్లో పట్టా ఇస్తుంది. అలాంటి కాలేజీలో చేర్చే ముందు సీనియర్ల నుంచి ఒకే సబ్జెక్టు ప్రశ్నపత్రాలు మూడేళ్లవి తెప్పించుకుని పక్కపక్కన పెట్టి చూడండి. ఏటా అవే ప్రశ్నలు అటూ ఇటూ మారి వస్తున్నాయా, లేక పుస్తకంలో లేని సందర్భం ఇచ్చి ఆలోచించమంటున్నారా అన్నది ఇంజినీరింగ్ తెలియనివాళ్లకూ పది నిమిషాల్లో తెలిసిపోతుంది.