అజేలియా పూత జూలైలోనే తేలిపోతుంది

మార్చి నెలాఖరుకి అమెరికా దక్షిణాది ఊళ్లలో ఎక్కడ చూసినా అజేలియాలే. జార్జియా, ఉత్తర, దక్షిణ కరోలినా, అలబామా రాష్ట్రాల్లో ఈ పొదలు ఆకు కనబడనంతగా పూస్తాయి. అట్లాంటా, షార్లట్ శివార్లలో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లకు చాలాసార్లు ఇవి ఇంటితోపాటే వస్తాయి. పాత యజమాని ఎప్పుడో నాటి పెంచినవి. అలాంటి పొద ఓ ఏడాది పచ్చగా నిగనిగలాడుతూనే ఒక్క పువ్వూ పూయకపోతే, లోపం ఆ వసంతంలోనే ఉందనుకుని ఎరువు వేస్తాం, నీళ్లు పోస్తాం. అప్పటికే ఆలస్యమైపోయి ఉంటుంది. ఏప్రిల్‌లో పూత ఉంటుందా లేదా అన్నది చాలావరకు కిందటి జూలై, ఆగస్టుల్లోనే నిర్ణయమైపోతుంది.

పూత రాలిపోగానే అజేలియా కొత్త చిగుళ్లు వేస్తుంది. ఆ చిగుళ్లు ముదిరాక, నడివేసవిలో, ఒక్కో రెమ్మ కొసన ఉన్న పెరుగుదల కణాలు ఆకులు పుట్టించడం మానేసి పూల భాగాలను పుట్టించడం మొదలుపెడతాయి. శీతాకాలం వచ్చేసరికి మొగ్గ లోపల రేకులు, కేసరాలు, అండాశయం అన్నీ సూక్ష్మరూపంలో సిద్ధమై నిద్రలోకి జారుకుంటాయి. ఆ నిద్ర వదలాలంటే కొన్ని వారాలపాటు చలి తగలాలి. బెల్జియంలోని గెంట్ చుట్టుపక్కల కుండీ అజేలియాలు పెంచేవాళ్లు మొక్కలను ముందు చల్లని గదుల్లో ఉంచి, తర్వాత వెచ్చదనం చూపించి, కావలసిన వారానికి పూయిస్తున్నది ఈ స్వభావాన్ని పట్టుకునే.

రెమ్మ కొసన మొగ్గ ఉంటుందన్న ఆ ఒక్క సంగతి గుర్తుంటే, పూత పోవడానికి అన్నిటికన్నా సాధారణమైన కారణం తేలిగ్గానే దొరుకుతుంది. అది కత్తిరింపు. సెప్టెంబరులోనో అక్టోబరులోనో పచ్చిక కోసే మనిషి హెడ్జ్ ట్రిమ్మర్‌తో పొదను గుండ్రంగా చెక్కి వెళ్తాడు. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ, మరుసటి వసంతపు పూలన్నీ ఆ చెత్త సంచీలో పోయినట్టే. మనవాళ్లకు ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. మన ఊళ్లో మల్లెను చలికాలంలో కత్తిరిస్తాం, కొత్త చిగురుతోపాటే మొగ్గలు వస్తాయి. ఆ అలవాటుతో డిసెంబరులో అజేలియా మీద కత్తెర పెడితే పూత మొత్తం పోతుంది. దీనికి మామిడి రైతు పద్ధతే సరి: ఆయన కాపు దిగిన వెంటనే కొమ్మలు సవరించినట్టు, ఇక్కడ పూత అయిన మూడు నాలుగు వారాల్లోపే కత్తెర పని ముగించాలి. జూలై దాటాక ముట్టుకోకూడదు.

కత్తెర తగలకుండానే మొగ్గలు పడకపోతే తలెత్తి పైకి చూడాలి. ఇరవై ఏళ్ల కిందట నాటినప్పుడు సన్నగా ఉన్న ఓక్ చెట్టు ఇప్పుడు గొడుగు పట్టి ఉంటుంది. పొద ఉన్నచోటే ఉంది, నీడ మాత్రం ఏటేటా చిక్కబడింది. అజేలియాకు ఎత్తయిన పైన్ చెట్ల కింద పడే జల్లెడ ఎండ ఇష్టం. రోజుకు నాలుగైదు గంటలు అలాంటి వెలుగు లేకపోతే బతుకుతుంది గానీ పూయదు. ఏళ్ల తరబడి బాగా పూసి, క్రమంగా తగ్గిపోయిన పొదల్లో నేను మొదట అనుమానించేది దీన్నే. పక్కనున్న పచ్చికకు వేసే నత్రజని ఎరువు వేళ్లకు అందినా ఇదే పరిస్థితి: ఆకు ఏపుగా వస్తుంది, మొగ్గ పడదు.

మొగ్గలు పడీ పూయని పొదలది వేరే కథ. అందుకే అక్టోబరు నెలాఖరులో పొద దగ్గరికి వెళ్లి రెమ్మల కొసలు చూడమంటాను. ఆకుమొగ్గ సన్నగా ఉంటుంది, పూమొగ్గ ఉబ్బి ఉంటుంది. అప్పుడు మొగ్గలుండి ఏప్రిల్‌లో పూలు లేకపోతే, పోయింది మధ్యలోనే. చలికాలంలో తెల్లతోక జింకలు వచ్చి కొసలు కొరికి తిని ఉండవచ్చు. అక్టోబరు తర్వాత వర్షాలు లేక మొగ్గలు ఎండి ఉండవచ్చు. దీని వేళ్లు నేల పైపొరలోనే అల్లుకుంటాయి కాబట్టి వానలు లేని కొద్ది వారాలే చాలు. లేదా మంచు కాటు వేసి ఉండవచ్చు.

మంచు విషయంలో దక్షిణాది అజేలియాలకు పుట్టుకతో వచ్చిన బలహీనత ఉంది. ఫార్మోసా, జార్జ్ టేబర్ వంటి పెద్దపూల రకాల పూర్వీకులు యూరప్ గాజుగదుల్లో పెరిగిన సంకర మొక్కలు. పంతొమ్మిదో శతాబ్దంలో చార్లెస్టన్ ప్రాంతపు తోటల్లో వాటిని ఆరుబయట నాటారు. అక్కడి మెత్తని చలికి సరిపోయాయి గానీ, ఒక్కసారిగా విరుచుకుపడే చలిని వాటి మొగ్గలు తట్టుకోలేవు. 2021 ఫిబ్రవరి 16న డల్లాస్‌లో ఉష్ణోగ్రత సుమారు మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. 2022 క్రిస్మస్ ముందు అట్లాంటాలో గంటల వ్యవధిలో గడ్డకట్టే చలి దిగింది. అలాంటప్పుడు పొద బతికినా మొగ్గ లోపలే మాడిపోతుంది. మార్చిలో ఒక మొగ్గను బ్లేడుతో నిలువునా చీల్చి చూస్తే తెలుస్తుంది: లోపల పచ్చగానో గులాబీగానో ఉంటే ప్రాణముంది, గోధుమరంగులో ఉంటే పోయింది.

డల్లాస్ వాళ్లకు నేల కూడా సమస్యే. అజేలియాకు పీహెచ్ 4.5 నుంచి 6 లోపు ఉండే పుల్లని నేల కావాలి. అక్కడి సున్నపు నల్లమట్టిలో ఇనుము ఉన్నా వేళ్లకు అందదు. ఈనెలు పచ్చగా ఉండి ఆకు పసుపెక్కుతుంది, నీరసించిన రెమ్మ మొగ్గ వేయదు. 'పూత పెంచే' భాస్వరం ఎరువు కొనుక్కొచ్చి గుమ్మరించడం ఇక్కడ హాని చేస్తుంది, ఎక్కువైన భాస్వరం ఇనుమును మరింత అందకుండా చేస్తుంది. ముందు మట్టి పరీక్ష చేయించాలి. కౌంటీ వ్యవసాయ విస్తరణ కార్యాలయాల ద్వారా కొద్దిపాటి రుసుముకే చేస్తారు.

ఇక నీడలో చిక్కుకున్న పాత పొదకు, పైకొమ్మలు పలచన చేయించడం కుదరకపోతే, చోటు మార్చడమే దారి. వేళ్లు లోతుకు పోవు కాబట్టి వయసు మళ్లిన అజేలియా కూడా తరలింపును బాగానే తట్టుకుంటుంది. ఎండ తీవ్రత తగ్గాక, శరదృతువులో, పొద చుట్టూ వెడల్పుగా తవ్వి మట్టి చెదరకుండా ఎత్తాలి. ముందున్న లోతుకన్నా ఒక అంగుళం పైకే నాటి, పైన్ ఆకులు కప్పి, మొదటి ఏడాది వేసవిలో నీళ్లు తప్పకుండా ఇవ్వాలి.