డార్జిలింగ్ తేయాకు: పేరుకు గిరాకీ, తోటకు గండం

కోల్‌కతా: ఫ్రాన్స్‌లో ద్రాక్షతోట ఉన్న కొండవాలును బట్టి వైన్‌కు పేరు, ధర నిర్ణయమైనట్లే, తూర్పు హిమాలయాలలోని డార్జిలింగ్ కొండవాలులో పండే తేయాకుకు ప్రపంచ విపణిలో ప్రత్యేక స్థానం ఉంది. దీనిని 'తేనీటి షాంపేన్'గా వ్యవహరించడం పరిపాటి. అయితే ఈ పేరుకున్న గిరాకీ, ఆ తేయాకును పండించే తోటలను ఆదుకోలేకపోతోంది. 1990 ప్రాంతంలో ఏటా సుమారు 1.4 కోట్ల కిలోలుగా ఉన్న ఉత్పత్తి 2024 నాటికి 56 లక్షల కిలోల స్థాయికి పడిపోయింది.

నీలిమందు సంత నుంచి తేయాకు వేలానికి

వేలానికి వచ్చే ఈ తేయాకుకు ధర నిర్ణయమయ్యేది కొండ మీద కాదు, అక్కడికి సుమారు 600 కిలోమీటర్ల దూరంలోని కోల్‌కతాలో. 1861 డిసెంబరులో ఈ నగరంలో తేయాకు వేలం మొదలైంది. ఆర్.ఎన్. ముఖర్జీ రోడ్డులోని వేలం భవనం పేరు 'నీల్‌హాట్ హౌస్'. నీల్‌హాట్ అంటే నీలిమందు సంత అని అర్థం. తేయాకుకు ముందు ఇక్కడి దళారులు నీలిమందు వ్యాపారం చేసేవారనడానికి ఈ పేరే నిదర్శనం. వేలానికి ముందు ప్రతి తోట సరకునూ నిపుణులు విడివిడిగా కాచి, రుచి చూసి, విలువ కడతారు. డార్జిలింగ్ తేయాకుకు 2016 వరకు బిగ్గరగా పాట పాడే పద్ధతి కొనసాగగా, ఆ తరువాత కంప్యూటర్ వేలం వచ్చింది.

పురుగు తెచ్చే పరిమళం

1841లో డాక్టర్ ఆర్చిబాల్డ్ క్యాంప్‌బెల్ డార్జిలింగ్‌లోని తన పెరటిలో నాటిన చైనా జాతి మొక్కలతో ఈ సాగు ఆరంభమైంది. దాదాపు 600 నుంచి 2,000 మీటర్ల ఎత్తు, ఏటవాలు నేల, చల్లని పొగమంచు కారణంగా చిగురు నిదానంగా పెరుగుతుంది. పరిమళానికి మూలం ఇదే.

ఒకే మొక్క నుంచి ఋతువును బట్టి నాలుగు రకాల తేయాకు లభించడం విశేషం. ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ వరకు కోసే 'ఫస్ట్ ఫ్లష్' లేత రంగులో, పూల వాసనతో ఉంటుంది. మే, జూన్ నెలలలో వచ్చే 'సెకండ్ ఫ్లష్'లో ద్రాక్షను తలపించే 'మస్కటెల్' రుచి ఏర్పడుతుంది. మన మిర్చి, పత్తి రైతులను కన్నీరు పెట్టించే తామర పురుగులు, పచ్చదోమల జాతి కీటకాలే ఇక్కడ ఈ రుచికి కారణం. అవి రసం పీల్చినప్పుడు ఆకు ఆత్మరక్షణకై విడుదల చేసే రసాయనాలే ఆ పరిమళాన్ని ఇస్తాయి. వానాకాలపు ఆకు చవక రకం కాగా, అక్టోబరు, నవంబరులలో శరత్కాలపు కోత ఉంటుంది. మొదటి రెండు కోతలే తోటలకు ప్రధాన ఆదాయ వనరు.

డాలర్లు, దినకూలి

2014లో మకైబారీ తోట తేయాకు ఒకటి కిలో 1,850 డాలర్లకు విదేశాలకు అమ్ముడుపోయింది. పౌర్ణమి రాత్రి కోసిన ఆకుతో దీనిని తయారు చేశారు. ఇటువంటి ధర అపురూపం. వానాకాలపు సరకు అందులో వందో వంతు ధర కూడా పలకదు. 2023లో తోట కార్మికుల దినకూలి 250 రూపాయలుగా నిర్ణయమైంది.

దిగుబడి తగ్గుదలకు కారణాలు అనేకం. నూరేళ్లు దాటిన ముసలి పొదలు, గతి తప్పిన వర్షాలు, పనులు వదలి వలసపోతున్న యువకులు వీటిలో ముఖ్యమైనవి. 2017లో ప్రత్యేక గూర్ఖాలాండ్ రాష్ట్రం కోసం 104 రోజుల పాటు జరిగిన బంద్‌తో విలువైన సెకండ్ ఫ్లష్ చాలావరకు పొదల మీదనే ముదిరిపోయింది. ఆ ఏడాది ఉత్పత్తి సుమారు 32 లక్షల కిలోలకు పరిమితమైంది. సరకు అందని విదేశీ కొనుగోలుదారులు కొందరు సరిహద్దుకు ఆవల గల నేపాల్ తేయాకు వైపు మళ్లారు. ఆ తేయాకు చౌకగా భారత్‌లోకి ప్రవేశించి డార్జిలింగ్ పేరుతో అమ్ముడుపోతున్నదని తోటల యజమానులు ఆరోపిస్తున్నారు.

పేరుకు రక్షణ

దేశంలో భౌగోళిక గుర్తింపు పొందిన మొట్టమొదటి ఉత్పత్తి డార్జిలింగ్ తేయాకే. 2004లో ఈ గుర్తింపు లభించింది. మన పోచంపల్లి ఇక్కత్ సైతం తొలి దశలోనే నమోదైంది. ఐరోపా సమాజం 2011లో డార్జిలింగ్ పేరుకు రక్షణ కల్పించింది. నిర్దేశిత ప్రాంతంలోని 87 తోటలకు మాత్రమే ఆ పేరు వాడుకునే హక్కు ఉంది.

కాగా, చట్టం పేరును కాపాడగలదే కాని పొదలకు ప్రాయం తేలేదు. పాత మొక్కలు పీకి కొత్తవి నాటితే కొన్నేళ్ల పాటు ఆ నేల నుంచి రాబడి ఉండదు. నష్టాలలో ఉన్న యజమాని అందుకు వెనుకాడుతున్నాడు. నాటకపోతే దిగుబడి మరింత తగ్గుతుంది. ఈ విషవలయం నుంచి బయటపడకపోతే నీల్‌హాట్ హౌస్‌లో నిపుణులు రుచి చూడవలసిన డార్జిలింగ్ కప్పులు ఏటికేడు తగ్గిపోక తప్పదు.