కోయసీమలో విద్యాపరిశోధన

ఖమ్మమునుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలమునకు పోవు యాత్రికునికి దారిపొడవునను కనబడునవి మూడు: టేకు, ఇప్ప, తునికి చెట్లతో నిండిన అడవి, బాట ప్రక్కను బారులు తీరిన జామాయిలు తోటలు, ఆ రెండింటి నడుమ నడచిపోవు కోయవారు. అతడు శ్రీరామనవమినాడు కల్యాణము చూచి, గోదావరిలో మునిగి, మరల ఇల్లు చేరును. తాను దాటివచ్చిన సీమను గూర్చి లండనులోను కాలిఫోర్నియాలోను గ్రంథములు అచ్చైనవనియు, అచ్చటి కోయవారు ఒకరినొకరు పిలుచుకొను వరుసలు విదేశ విశ్వవిద్యాలయములలో చర్చకు వచ్చినవనియు అతడెరుగడు. ఎరుగకుండుట అతని దోషము కాదు. ఆ విద్య ఈ నేలనుండి పోయినదే కాని, తిరిగి ఈ నేలకు చాలినంతగా రాలేదు. మేము ఈనాడు విచారింపదలచినది ఆ విషయమే.

ఈ అడవి యంచున పరిశోధన క్రొత్త గాదు. దుమ్ముగూడెమున నుండిన జాన్ కెయిన్ అను క్రైస్తవ బోధకుడు భద్రాచల, రేకపల్లి తాలూకాలను గూర్చి 1876 మొదలుకొని 'ఇండియన్ ఆంటిక్వరీ' పత్రికలో వ్యాసములు వ్రాసెను. 1909లో థర్‌స్టన్ ఏడు సంపుటములుగా వెలువరించిన దక్షిణదేశపు కులముల, తెగల గ్రంథమున కోయవారిని గూర్చిన భాగమునకు ఆ వ్రాతలు ఆధారములైనవి. అటుపిమ్మట అడవిశాఖవారు, భాషావేత్తలు, వృక్షశాస్త్రజ్ఞులు, నీటిపారుదల ఇంజనీర్లు, మానవశాస్త్రజ్ఞులు ఒకరి వెనుక నొకరు వచ్చిరి. ఎవరి కొలబద్ద వారిది, ఎవరి పట్టిక వారిది.

నిర్బంధితుడు వ్రాసిన గ్రంథము

వీరిలో క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ కథ చెప్పదగినది. ఆయన 1909లో వియన్నాలో పుట్టెను. 1939లో యుద్ధము మొదలగునప్పటికి ఆయన చేతనుండినది జర్మను పాసుపోర్టు. కనుక బ్రిటిషు ప్రభుత్వమునకు శత్రుదేశీయుడై, హైదరాబాదు సంస్థానమును దాటరాదను నిర్బంధమునకు లోనయ్యెను. మరియొకడైనచో యుద్ధము ముగియువరకు చేతులు కట్టుకొని కూర్చుండెడివాడు. ఆయన మాత్రము నల్లమల చెంచుల నడుమ కొంతకాలముండి, పిమ్మట గోదావరి గండిలోని కొండరెడ్ల పల్లెలకు పోయెను. ఆ శ్రమ ఫలముగా పాపికొండల రెడ్లను గూర్చిన ఆయన గ్రంథము 1945లో లండనున అచ్చయ్యెను.

ఆయన కొండరెడ్ల ఆచారములను మాత్రమే వ్రాసికొనలేదు. వారు కొండవాలున చెట్టు నరికి, ఎండిన కొమ్మలకు నిప్పుపెట్టి, బూడిదలో కోలతో గుంటలు చేసి విత్తనములు వేసెడి పోడు వ్యవసాయమును, కలపకంట్రాక్టరుల అప్పులలో చిక్కి వారు పడు వెట్టిని కూడ చూచెను. చూచి ప్రభుత్వమునకు నివేదించెను. నిజాం ప్రభుత్వము ఆయననే సలహాదారుగా తీసికొనెను. 1943లో ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రము వెలసెను. గోండీ భాషలో వాచకములు సిద్ధమయ్యెను. గోండులకు భూములపై పట్టాలు దొరికెను. పండితుడు సంపాదించిన జ్ఞానము తిరిగి ఆ ప్రజల యింటికి బడిరూపమునను పట్టారూపమునను వచ్చిన సందర్భమిది. ఇట్టిది జరుగుట సాధ్యమా యని యడుగువారికి మార్లవాయి చాలిన సమాధానము. కాని అటువంటి భాగ్యము అప్పుడు కోయసీమకు కలుగలేదు.

వ్యాకరణము పోయినచోటు

అమెరికా పండితుడు స్టీఫెన్ టైలర్ గోదావరి యొడ్డుననుండు గొమ్ముకోయల భాషకు వ్యాకరణము వ్రాసెను. అది 1969లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము పక్షమున అచ్చయ్యెను. అంతకు మూడేండ్లు ముందే, 1966లో, కోయవారి బంధువాచకములను గూర్చి ఆయన వ్రాసిన వ్యాసము పండితలోకమున పేరుపొందెను. ఒకే మనుష్యుని ఒకే కోయ అన్నివేళల ఒకే మాటతో పిలువడనియు, ఎవరి యెదుట, ఏ సందర్భమున మాటలాడుచున్నాడను దానిని బట్టి ఆ మాట మారుననియు ఆయన చూపెను. మామను, బావను, మేనరికమును ఎరిగిన తెలుగువారికి ఇది వింత గాదు. మన కోర్టులలోను పెండ్లిపందిళ్ళలోను మనము చేయునదియు నదియే. కాని దానిని శాస్త్రమని గుర్తించుటకు హ్యూస్టనులో పాఠములు చెప్పిన పండితుడు రావలసివచ్చెను.

ఇక ఆ వ్యాకరణము చేసిన మేలేమి? కోయ బాలుడు కోయమాటలతో అక్షరాభ్యాసము చేయుటకు ప్రభుత్వము పూనుకొనినది 2004 ప్రాంతమున, నాటి ఆంధ్రప్రదేశమున ఎనిమిది గిరిజన భాషలలో వాచకములు తెచ్చినప్పుడు. వ్యాకరణమునకును వాచకమునకును నడుమ ముప్పదియైదు సంవత్సరములు గడచెను. అంతలో ఒక తరము బడి మెట్టెక్కి, గురువు పలుకు తెలియక, దిగిపోయెను.

జామాయిలు చెప్పు నీతి

దీనికి ప్రక్కన మరియొక పరిశోధనను పెట్టి చూడుడు. భద్రాచలమునకు ఎదుట సారపాకలోని కాగితపు మిల్లువారు 1989లో జామాయిలుపై పరిశోధన ఆరంభించిరి. విత్తనమువలన పుట్టిన చెట్లు ఒకటి పొడవు, ఒకటి పొట్టి. ఒకటి తెగులుకు లొంగునది, ఒకటి లొంగనిది. వానిలో మేలైన చెట్లను ఏరి, వాని లేతకొమ్మలను నాటి వేళ్ళూనించి, తల్లిచెట్టు గుణములన్నియు గల మొక్కలను వారు సిద్ధముచేసిరి. 'భద్రాచలము క్లోన్లు' అను పేర అవి దేశమంతట వ్యాపించెను. నేడు ఖమ్మము జిల్లా మెట్టరైతు జామాయిలు వేయవలెనన్న ఏ రకము మొక్క తేవలెనో తడుముకొనకుండ చెప్పగలడు. మా పాఠకులలో పెక్కురు ఆ కలప అమ్మి పెండ్లిండ్లు చేసినవారే.

ఆ పరిశోధన రైతు పొలమునకు ఏల వచ్చెను? మిల్లుకు కలప కావలెను, రైతుకు రొక్కము కావలెను. కనుక విద్యకు దారి ఏర్పడెను. కోయ వ్యాకరణమునకు అట్టి కొనుగోలుదారుడు లేడు. లేనంతమాత్రమున దాని విలువ తగ్గదు. బజారు వేయని దారిని ప్రభుత్వమును విశ్వవిద్యాలయములును వేయవలెను. అందులకే గదా వానిని ప్రజలు పోషించుచున్నది!

ఓషధుల సంగతియు నిట్టిదే. ఏ చెట్టు బెరడు కడుపునొప్పికి, ఏ వేరు పాముకాటుకు పనికివచ్చునని కోయవారు నమ్ముదురో వృక్షశాస్త్రజ్ఞులు వారి నోటనే విని పట్టికలు వేసిరి. ఆ పట్టికలు పత్రికలకు పోయెను; చెప్పిన వెజ్జు మాత్రము ఆ పత్రికను చూడలేదు. కేరళలో వేరొక విధముగా జరిగినది. 1987లో కాణి తెగవారు అడవిలో దారిచూపుచు తాము అలసట తీరుటకు నమలెడి కాయను శాస్త్రజ్ఞులకు చూపిరి. పాలోడు వృక్షోద్యానమువారు దానినుండి మందు తయారుచేసి, వచ్చిన ప్రతిఫలములో సగము కాణివారి ధర్మనిధికి చెందునట్లు ఏర్పాటుచేసిరి. 2002లో జీవవైవిధ్య చట్టము వచ్చిన పిదప ఇట్టి పంపకము దయాదాక్షిణ్యము గాదు, విధి.

విల్లు ఎవరిది?

పరిశోధనలు శాఖలుగా చీలుటవలన కలుగు నష్టమునకు కోయవాని విల్లు నిదర్శనము. విల్లు వెదురుది, వెదురు అడవిశాఖ లెక్కలోనిది. గురి క్రీడాశాఖ లెక్కలోనిది. విల్లుపట్టి ఆడెడి పండుగ సంస్కృతిశాఖ లెక్కలోనిది. గూడెములో మాత్రము ఈ మూడును ఒక్కటే. విత్తనములు చల్లుటకు ముందు వేసవి చివర కోయలు చేయు విత్తుపండుగనాడు మగవారు వేటకు పోవుట, వట్టిచేతులతో వచ్చినవారిని ఆడువారు బురదచల్లి ఎగతాళిచేయుట పూర్వాచారము. అందు వ్యవసాయమున్నది, ఆటయున్నది, దైవభక్తియు నున్నది. ఏ శాఖ పండితుడు వచ్చినను అందులో మూడవవంతే చూచును.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. అడవిలో మృగములు తరిగిపోవుచున్నవి గనుక ఆ నిషేధము న్యాయమే. కాని వేట పోయినప్పుడు వేయితరముల గురి ఏమి కావలెనని ఎవరైన ఆలోచించిరా? రాజస్థానపు గిరిజన గూడెమున పుట్టిన లింబారాం అడవి విల్లుతో పెరిగి, పిదప శిక్షణపొంది, మూడు ఒలింపిక్కులలో దేశము పక్షమున నిలిచెను.  ఖమ్మము జిల్లా పేదయింటి బాలుడు సాధనపల్లి ఆనందకుమార్, నిజామాబాదు గిరిజన బాలిక మాలావత్ పూర్ణతో కూడ, 2014 మే 25న ఎవరెస్టు శిఖరమెక్కెను. గురుకుల పాఠశాలలో చదివిన పిల్లలకు తగిన శిక్షణ దొరకినచో ఎంతయెత్తు అందునో లోకము చూచినది. పాల్వంచ చెంత కిన్నెరసానిలో గిరిజన బాలురకు క్రీడాపాఠశాల యున్నది. అడవిలో నిషిద్ధమైన బాణమునకు మైదానమున డెబ్బదిమీటర్ల గురి చూపినచో, చట్టము నిలుచును, మృగము బ్రతుకును, విద్యయు బ్రతుకును. దీనికి క్రీడాశాస్త్రజ్ఞుడు, అడవియధికారి, గూడెపు పెద్ద ఒక్క చాపమీద కూర్చుండవలెను.

ఆలస్యమున కలుగు హాని

ఈ మాట తొందరపడి చెప్పుటకు కారణములున్నవి. హైమెన్‌డార్ఫ్ చూచిన కొండరెడ్ల సీమలో పేరంటపల్లి, కొయిద వంటి పల్లెలు పోలవరము జలాశయపు ముంపులోనివి. 2014లో భద్రాచల సీమలోని మండలములు రెండు రాష్ట్రముల నడుమ చీలెను. కోయవారి బంధుత్వములు మాత్రము తెలంగాణము, ఆంధ్రప్రదేశము, ఛత్తీసుగఢము, ఒడిసా సరిహద్దులను లెక్కచేయక అల్లుకొనియున్నవి. గోదావరి భద్రాచలమువద్ద 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు పొంగెను. మూడవ ప్రమాదహెచ్చరిక ఎగురవేయునది 53 అడుగులకే యని తలచినచో గట్టునున్న గూడెముల గతి తెలియును.

పోడు తగాదా మరింత కఠినమైనది. కొండను విడిచి పది పదునైదేండ్లు బీడు పెట్టినచో అడవి మరల లేచును. ఆ గడువు తగ్గినకొలది నేల నిస్సారమగును. ఆ గడువునకు కావలసిన విస్తీర్ణము నేడు లేదు. చెట్టు కావలెననువాడు, చేను కావలెననువాడు ఎదురుబొదురుగా నిలిచియున్నారు. 2022 నవంబరులో చండ్రుగొండ మండలమున విధినిర్వహణలోనున్న అటవీ రేంజి అధికారి ఒకరు హతుడయ్యెను. ఆ ఘోరమును సమర్థింపగలవాడెవ్వడును లేడు. అయితే గూడెము భాష తెలిసిన అధికారియు, అడవిశాస్త్రము చదివిన కోయ యువకుడును ఈ సీమలో ఎక్కువగా నుండినచో, గొడ్డలికి ముందు మాట నడచియుండునేమో యని తలపకుండ నుండజాలము.

మనుష్యులతోబాటు గ్రంథములును పోవుచున్నవి. కోయల డోలి కళాకారులు పడిగెలు, అనగా వంశచరిత్రలు చిత్రించిన గుడ్డజెండాలు, విప్పి, ఆ గోత్రముల కథలు రేయంతయు పాడుదురు. మణుగూరు మండలమునకు చెందిన సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల గాథను కోయలోను తెలుగులోను కంఠస్థముగా పాడినవాడు. 2022లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ ఇచ్చెను. 2024లో ఆయన కీర్తిశేషుడయ్యెను. బిరుదము ఇంటనున్నది, ఆ కంఠములోనుండిన గ్రంథములో ఎంత పట్టుబడినది, ఎంత పోయినది?

కర్తవ్యము

కోయపిల్లలకు కోయలో చదువు చెప్పినచో వారు తెలుగునకు దూరమగుదురని కొందరు పెద్దలు వాదింతురు. వారికి మా మనవి ఒక్కటి. తమ బిడ్డలకు తమ భాష అందుటలేదను బాధతోనే గదా మన పెద్దలు 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి? మన నోట న్యాయమైన కోరిక కోయ నోట అన్యాయమగునా? కోయ, తెలుగు ఒకే ద్రావిడ కుటుంబపు ఆడుబిడ్డలు. ఒకరి పుట్టినింట దీపము పెట్టినచో రెండవవారికి చీకటి రాదు.

ఇప్పుడు అవకాశము దగ్గరకు వచ్చినది. 2023 చట్టము ననుసరించి ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయము ఏర్పడినది. వరంగల్లులో కాకతీయ విశ్వవిద్యాలయము 1976నుండి కలదు. హైదరాబాదులో గిరిజన సంస్కృతి పరిశోధన సంస్థ 1963నుండి పనిచేయుచున్నది. వీరు మూడు నియమములు పాటింపవలెనని మా సూచన. ఈ సీమలో పరిశోధించిన ప్రతివాడును తన ఫలితమును తెలుగులోను, చదివి వినిపించుటకు వీలుగా కోయలోను సంగ్రహించి, తాను కూర్చుండి వినిన గూడెముననే అప్పగింపవలెను. సమాచారము చెప్పిన కోయ యువకులు రెండవసారి పరిశోధకులై రావలెను. అడవి, ఆట, పాట అను మూడు శాఖలవారు ఒకే ప్రశ్నపై కలసి పనిచేయవలెను. ఆ ప్రశ్నను గూడెమువారే అడుగవలెను.

భూస్వాములకును పట్టణవాసులకును ఇందు పాలున్నది. జామాయిలు మొక్కను పరిశోధన మన గట్టుమీదికి తెచ్చినప్పుడు మనము సంతోషముగా స్వీకరించితిమి. అదే పరిశోధన కోయవాని గుమ్మమునకు అక్షరముగను, మందుగను, విల్లుగను చేరుటకు సహాయపడుట మన ఋణము. ఈసారి భద్రాచలమునకు పోవు యాత్రికుడు దారిలోని అడవిని చూచినప్పుడు అది శతాబ్దముపైగా లోకమునకు పాఠము చెప్పుచున్న బడియని తలచిన చాలును. ఆ బడికి గురుదక్షిణ చెల్లించు కాలము వచ్చినదని మేము భావించుచున్నాము.