పందెపు కారు టైర్ల సంరక్షణము

మలుపునందు వేగముగ పోవు కారును బాటపై నిలుపునవి, ఇంచుమించు అఱచేతి ప్రమాణమున నేలను తాకు నాలుగు రబ్బరు భాగములు మాత్రమే. పందెపుబాటకై చేయబడిన సెమీ స్లిక్కు టైర్లకు చాళ్లు తక్కువ, రబ్బరు మెత్తన. కావున పొడిబాటపై పట్టు హెచ్చు; నీరు వెడలుటకు త్రోవ చాలనందున, నీరు నిలిచిన బాటపై జాఱుట సులభము.

క్రొత్త టైర్లను తొలుతనే తీవ్రవేగమున నడుపరాదు. మొదట మెల్లగ నడిపి, క్రమముగ వేగము హెచ్చించి, నాలుగును సమముగ వేడెక్కిన పిదప ఒక దినమైనను చల్లార విడువవలెను. ఏల యన, 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొనిన రీతిని గంధకముతో కాచిన రబ్బరునందు అణుశృంఖలములు ఒండొంటితో బంధింపబడియుండును. తొలి వేడికి బలహీనమగు బంధములు తెగి, విశ్రాంతివేళ మరల సమముగ కూడుకొనును. ఈ విశ్రాంతి లేనిచో రబ్బరు త్వరలో పట్టు కోల్పోవును.

దాచునపుడు మన్నును, నూనెను తుడిచి, సంచులలో మూసి, ఎండ సోకని చల్లని పొడితావున నుంచవలెను. విద్యుద్యంత్రములనుండి పుట్టు ఓజోను రబ్బరును బీటలు వార్చును. గాన వాని చెంత నుంచరాదు. శీతలదేశములందు నీరు గడ్డకట్టు చలియు హానికరమే.

ఎంత భద్రముగ దాచినను, మరల బిగించునపుడు బీటలను, గాలి యొత్తిడిని పరీక్షింపక కారు నడుపరాదు.