పక్కనే సోలార్ పార్కు.. మరి మన కరెంటు బిల్లు ఎందుకు తగ్గడం లేదు?

బేతంచెర్ల: కర్నూలు, నంద్యాల జిల్లాల్లోని గని, శకునాల గ్రామాల పరిధిలో దాదాపు 5,900 ఎకరాల్లో కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కు ఉంది. దీని సామర్థ్యం 1,000 మెగావాట్లు. 2017లో పూర్తయినప్పుడు ప్రపంచంలోని అతిపెద్ద సోలార్ పార్కుల్లో ఒకటిగా పేరొచ్చింది. ఇది బేతంచెర్లకు పెద్ద దూరమేమీ కాదు. అయినా ఇక్కడ నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ నడిపేవారికైనా, రెండు గదుల ఇంట్లో ఉండేవారికైనా కరెంటు బిల్లు మాత్రం మామూలుగానే వస్తోంది. ఎందుకిలా?

ముందు రాష్ట్రం సంగతి చూద్దాం. 2015 మార్చి నాటికి ఆంధ్రప్రదేశ్‌లో సోలార్ సామర్థ్యం 140 మెగావాట్లు కూడా లేదు. 2017 మార్చికి అది 1,800 దాటింది. 2023 నాటికి 4,500 మెగావాట్లకు చేరింది. ఇందులో ఎక్కువ భాగం రాయలసీమదే. ఎండ ఎక్కువ, వాన తక్కువ, మెట్ట భూములు విస్తారం కావడమే కారణం. ధర కూడా పడిపోయింది. 2015లో గని పార్కుకు యూనిట్ రూ.4.63 పలికితే, అప్పట్లో అదే రికార్డు. 2017లో కడప పార్కుకు రూ.3.15కే బిడ్ వచ్చింది.

అయితే పార్కులో తయారైన కరెంటు నేరుగా పక్క ఊరికి రాదు. హైటెన్షన్ లైన్ల ద్వారా గ్రిడ్‌లో కలుస్తుంది. అక్కడ బొగ్గు, జల, పవన విద్యుత్‌తో కలిసిపోతుంది. పంపిణీ సంస్థల మొత్తం ఖర్చు చూసి విద్యుత్ నియంత్రణ మండలి చార్జీలు ఖరారు చేస్తుంది. కాబట్టి పార్కు పక్కన ఉన్నా, విజయవాడలో ఉన్నా గృహ వినియోగదారులకు రేటు ఒకటే.

ఇంకో చిక్కు కూడా ఉంది. పొద్దు గూకితే సోలార్ ఆగిపోతుంది. రంజాన్‌లో సహరీ వేళ వెలిగే లైటుకు, తిరిగే ఫ్యాన్‌కు కరెంటు వేరేచోటి నుంచి రావాల్సిందే. అందుకే పాణ్యం మండలం పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టు చేపట్టారు. కరెంటు మిగిలినప్పుడు నీటిని పైరిజర్వాయర్‌కు ఎక్కిస్తారు. అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీస్తారు.

మరి సామాన్యుడి బిల్లు తగ్గే దారేది? అది ఇంటి పైకప్పు మీదే ఉంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 1 కిలోవాట్‌కు రూ.30,000, 2 కిలోవాట్లకు రూ.60,000, 3 కిలోవాట్లు ఆపైన రూ.78,000 సబ్సిడీ ఇస్తారు. ఒక్కో కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల నీడ పడని జాగా కావాలి. రోజుకు 4 యూనిట్ల వరకు వస్తాయి. పగలు వాడగా మిగిలింది గ్రిడ్‌కు పోతుంది, రాత్రి గ్రిడ్ నుంచి వాడుకోవచ్చు. నెట్ మీటర్ రెండింటినీ లెక్కగట్టి తేడాకే బిల్లు వేస్తుంది.

కొన్ని విషయాలు ముందే తెలుసుకోవాలి. బ్యాటరీ లేని మామూలు సిస్టమ్ కరెంటు పోతే పగలు కూడా పనిచేయదు. మన దేశంలో తయారైన ప్యానెళ్లకే సబ్సిడీ వర్తిస్తుంది. సొంత ఇల్లు, కరెంటు కనెక్షన్ ఉండాలి కాబట్టి అద్దె ఇళ్లవారికి ఈ దారి ఇంకా దూరమే. సొంతిల్లు ఉన్నవారు సంతకం పెట్టే ముందు ఏడాది బిల్లులు తీసి, నెలకు ఎన్ని యూనిట్లు కాలుతున్నాయో చూసుకోవాలి. దాన్నిబట్టే ఎన్ని కిలోవాట్లు కావాలో తేల్చుకోవాలి.